అడిగితేనే తెలిసింది!

‘మీరేం పని చేస్తారమ్మా?’ అనడిగితే, ‘ఏం చేయనండీ, ఇంట్లోనే ఉంటా’ అని జవాబు. ఎన్నో ఏళ్లపాటు సర్వేలన్నీ ఆ జవాబునే రాసుకుని వెళ్లిపోయాయి. ఆ జవాబు వెనక దాగిన పనిని తవ్వి తీసింది సమాజశాస్త్ర పరిశోధకులు. వాళ్ల లెక్కలు చట్టాలయ్యాయి, పథకాలయ్యాయి. హైదరాబాద్ తూర్పు దిక్కున ఉన్న ఉప్పల్, నాచారం వీధుల దాకా ఆ లెక్కలు ఎంతవరకు వచ్చాయి? ఎక్కడ ఆగిపోయాయి?

ఉదయం ఏడు గంటలు. ఉప్పల్ రింగురోడ్డు.

వరంగల్ దారిలో వచ్చిన బస్సులు, నాగోలు వైపు నుంచి వచ్చినవి, రామంతాపూర్ మీదుగా వచ్చినవి, హబ్సిగూడ నుంచి వచ్చినవి... నాలుగు దిక్కుల జనం ఒక్కచోట కలుస్తారు. దిగేవాళ్లు దిగుతుంటే ఎక్కేవాళ్లు ఎక్కుతుంటారు. వాళ్లలో సగం మంది ఆడవాళ్లే. చేతిలో టిఫిన్ డబ్బా సంచి, భుజాన బ్యాగు, అందులో ఆధార్ కార్డు. కండక్టర్ మిషన్ మీట నొక్కగానే కాగితం ముక్క బయటికొస్తుంది. దాని మీద చార్జీ సున్నా. అదే ‘జీరో టికెట్’.

ఆ గుంపులో ఒకామెను అనుకుందాం. పేరు అక్కర్లేదు. నాచారం పారిశ్రామికవాడకు వెళ్లే దారిలో ఆమెలాంటివాళ్లు ఎందరో. నల్లా వచ్చే రోజైతే తెల్లారకముందే లేచి నీళ్లు పట్టాలి. వంట చేయాలి. పెద్దవాణ్ని బడికి తయారు చేయాలి. చిన్నదాన్ని అత్తకో అమ్మకో అప్పగించాలి. బస్సు దిగి నడిచి, మందుల కంపెనీలోనో ప్లాస్టిక్ షెడ్డులోనో ప్యాకింగ్ బల్ల ముందు నిలబడితే మళ్లీ సాయంత్రమే బయటపడేది. వస్తూ వస్తూ కూరగాయలు కొనాలి. ఇంటికొచ్చాక వంట, గిన్నెలు, పిల్లల హోంవర్కు, మామగారి మాత్రలు. పక్క మీద వాలేసరికి పది దాటుతుంది.

పదిహేడు గంటల ఈ రోజులో ఆమెకు జీతం వచ్చేది ఎనిమిది గంటలకే. మరి మిగతా తొమ్మిది గంటల మాటేమిటి? అది పనా, కాదా? పనే అయితే దాన్ని ఎవరు లెక్కపెట్టారు? ఈ ప్రశ్నకి జవాబు దొరకడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. జవాబు కొంత దిల్లీలో దొరికింది, కొంత మన గోదావరి ఒడ్డున దొరికింది.

నరసాపురం చెప్పిన నిజం

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం ప్రాంతానికి వచ్చారు. అక్కడి ఇళ్లలో ఆడవాళ్లు కొక్కెం లాంటి సూదితో దారాన్ని అల్లి లేసు తయారుచేస్తారు. మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పిన విద్య అది. ఆ లేసు బల్లగుడ్డలుగా, అంచులుగా సముద్రాలు దాటి విదేశాలకు వెళ్తోంది. ఎగుమతి వ్యాపారులు బాగుపడ్డారు. దారం తెచ్చిచ్చి, అల్లిన ముక్కలు పట్టుకెళ్లే ఏజెంట్లు కూడా అంతో ఇంతో సంపాదించుకున్నారు. అల్లినవాళ్లకు మాత్రం చిల్లర డబ్బులే మిగిలాయి.

ఎందుకలా? మీస్ ఇంటింటికీ తిరిగి అడిగారు. రోజులో గంటల తరబడి లేసు అల్లుతున్నా వాళ్లెవరూ తమను కార్మికులు అనుకోవడం లేదు. వ్యాపారులూ అనుకోవడం లేదు. ప్రభుత్వ లెక్కల్లో కూడా వాళ్లు గృహిణులే. ‘ఖాళీ సమయంలో ఏదో చేసుకుంటారు’ అన్నదే అందరి మాట. ఆడవాళ్లు బయటికి వెళ్లి కూలి చేయకపోవడమే పరువుగా భావించే ఇళ్లలో ఆ మాట మరీ గట్టిగా నాటుకుపోయింది. గృహిణి అన్న పేరున్నంత కాలం కూలి పెంచమని అడిగే హక్కు ఉండదు, సంఘం ఉండదు, చట్టం ఉండదు. చవగ్గా పని చేయించుకోవడానికి ఆ పేరే దారి చూపిస్తోందని మీస్ తేల్చారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం ఆమె చేసిన ఈ అధ్యయనం ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ పేరుతో 1982లో పుస్తకంగా వచ్చింది. ప్రపంచంలో ఎక్కడ ఇంటి నుంచి చేసే పని గురించి చర్చ జరిగినా నరసాపురం పేరు వినిపించేలా చేసింది. ఇంటి దగ్గర పనిచేసేవాళ్లనూ కార్మికులుగానే చూడాలంటూ అదే సంస్థ 1996లో ఓ అంతర్జాతీయ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం మాత్రం దానిమీద ఇంకా సంతకం పెట్టలేదు.

నరసాపురం దూరమే కావచ్చు. కానీ ఏ నగర బస్తీలో చూసినా అదే కథ. చీరలకు ఫాల్ కుట్టేవాళ్లు, పూలు కట్టేవాళ్లు, అప్పడాలు ఒత్తేవాళ్లు... ‘ఏం చేస్తారమ్మా’ అంటే చాలామంది జవాబు అదే. ‘ఇంట్లోనే ఉంటా.’

కమిటీయే కంగు తింది!

అంతకు కొన్నేళ్ల ముందే దిల్లీలో మరో కదలిక మొదలైంది. దేశంలో మహిళల పరిస్థితి ఎలా ఉందో చెప్పమని 1971లో కేంద్రం ఓ కమిటీ వేసింది. ఫూల్‌రేణు గుహ అధ్యక్షురాలు. వీణా మజుందార్ సభ్య కార్యదర్శి. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు కావస్తోంది. రాజ్యాంగం సమానత్వం ఇచ్చింది. ప్రధాని కుర్చీలో ఓ మహిళే ఉన్నారు. కాబట్టి పరిస్థితి మెరుగుపడే ఉంటుందని చదువుకున్నవాళ్లంతా అనుకున్నారు.

దేశమంతా తిరిగి, లెక్కలు ముందేసుకుని చూస్తే కమిటీయే కంగు తింది. 1901లో ప్రతి వెయ్యిమంది మగవాళ్లకు 972 మంది ఆడవాళ్లు ఉంటే, 1971 నాటికి 930కి పడిపోయారు. పనుల్లో మహిళల వాటా పెరగడం పోయి తగ్గుతోంది. కాగితం మీద హక్కులున్నాయి, బతుకులో లేవు. 1974 డిసెంబరులో ఇచ్చిన ఆ నివేదిక పేరు ‘టువర్డ్స్ ఈక్వాలిటీ’. సమానత్వం వైపు అని అర్థం. ఇంకా అక్కడికి చేరలేదని పేరులోనే చెప్పేశారు.

ఆ నివేదిక అల్మారాలో పడి మూలగలేదు. ఆడ, మగ తేడా లేకుండా ఒకే పనికి ఒకే వేతనం ఇవ్వాలన్న చట్టం 1976లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే దానికోసం ఆర్డినెన్సు తెచ్చారు. 1980లో మొదలైన ఆరో పంచవర్ష ప్రణాళికలో తొలిసారి మహిళల అభివృద్ధికి ఒక అధ్యాయం కేటాయించారు. విశ్వవిద్యాలయాల్లో మహిళా అధ్యయన కేంద్రాలు వెలిశాయి.

ఈ దారిలో ముందుగా నడిచినవాళ్లలో ఓ తెలుగు మహిళ ఉన్నారు. ఉప్పల్ నుంచి రామంతాపూర్ మీదుగా నగరంలోకి వెళ్తుంటే బాగ్ అంబర్‌పేటలో ఆమె పేరిట కాలనీయే ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్! రాజమండ్రిలో పుట్టిన ఆమె 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. ఆడపిల్లల చదువుపై వేసిన జాతీయ కమిటీకి నాయకత్వం వహించి 1959లో నివేదిక ఇచ్చారు. సేవ ఒక్కటే సరిపోదు, ముందు పరిస్థితిని కొలవాలి అన్న ఆలోచన ఆ తరానికే ఉంది.

తర్వాతి తరం హైదరాబాద్ మహిళలు మరో అడుగు వేశారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్ల మాటల్లోనే వాళ్ల కథలు రాసుకుని స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. అప్పటిదాకా పోరాటం గురించి ఎన్నో పుస్తకాలొచ్చినా, ‘ఆ రోజుల్లో నీకేం జరిగిందమ్మా’ అని ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగినవాళ్లు తక్కువ. 1985లో ‘అన్వేషి’ మహిళా అధ్యయన పరిశోధన కేంద్రం కూడా హైదరాబాద్‌లోనే ఏర్పడింది. చదువు, ఆరోగ్యం, చట్టం, కులం, మతం... అన్నింటినీ ఆడవాళ్ల వైపు నుంచి చూడటం దాని పని.

జనాభా లెక్కల్లో ఓ చిన్న మాట

పరిశోధన విధానాన్ని మార్చడమంటే ప్రతిసారీ పెద్ద చట్టం రావాలనేం లేదు. ఒక్కోసారి ప్రశ్నలో నాలుగు మాటలు మారినా చాలు.

ఇళా భట్ అధ్యక్షతన వేసిన జాతీయ కమిషన్ 1988లో ‘శ్రమశక్తి’ పేరుతో నివేదిక ఇచ్చింది. అసంఘటిత రంగంలో, స్వయం ఉపాధిలో ఉన్న మహిళల శ్రమ సర్కారీ లెక్కలకు ఆనడం లేదని అది గట్టిగా చెప్పింది. మహిళా సంఘాలు, పరిశోధకులు పట్టుబట్టడంతో 1991 జనాభా లెక్కల్లో ‘గత ఏడాది ఎప్పుడైనా పని చేశారా’ అన్న ప్రశ్న పక్కన ఓ చిన్న వివరణ చేరింది. ‘పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసిన పనితో సహా’ అని. అంతే! అప్పటిదాకా ‘పని లేదు’ అనిపించుకున్న ఎందరో ఆ మాటతో పనివాళ్ల జాబితాలోకి రావడానికి దారి దొరికింది.

ఇప్పుడు చూస్తే లెక్కలు ఇంకా మారాయి. జాతీయ గణాంక కార్యాలయం చేసే కార్మికశక్తి సర్వే ప్రకారం 15 ఏళ్లు పైబడిన మహిళల్లో పని చేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 2017-18లో 23.3 శాతం. 2023-24 నాటికి అది 41.7 శాతం. సంతోషించాల్సిందే. కానీ పెరిగినదాంట్లో పెద్దవాటా సొంత పని, కుటుంబ పనిలో జీతం లేని సాయం. అంటే లెక్కలోకి వచ్చారు గానీ చేతిలోకి డబ్బు రాలేదు. నరసాపురం ప్రశ్న ఇంకా పాతబడలేదన్నమాట.

మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు

పని చేస్తున్నారా లేదా అన్నది ఒక ప్రశ్న. రోజంతా ఏం చేస్తున్నారన్నది ఇంకో ప్రశ్న. దీనికోసం పుట్టిందే కాల వినియోగ సర్వే. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏ అరగంట దేనికి పోయిందో అడిగి రాసుకుంటారు. మనదేశంలో 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. దేశమంతటా తొలిసారి చేసింది 2019లో. రెండోది 2024లో.

2019లో ఇంటిపని చేసే మహిళలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. ఇంటిపనిలో చేయి వేసిన మగవాళ్లు 97 నిమిషాలు. 2024లో మహిళలవి 289 నిమిషాలకు తగ్గాయి. ‘పోనీలే, మగవాళ్లు అందుకున్నారేమో’ అనుకుంటే పొరపాటే. వాళ్లవి 88కి తగ్గాయి. తేడా 201 నిమిషాలు. అంటే మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు!

ఇది ఇంటి గొడవ కదా, ప్రభుత్వానికేం పని అనిపించొచ్చు. కానీ ఇంటి నల్లాలో నీళ్లు రాకపోతే బిందె ఎత్తేది ఎవరు? అంగన్‌వాడీ మధ్యాహ్నమే మూసేస్తే పిల్లను చూసుకోవడానికి పని మానేది ఎవరు? నల్లా కనెక్షన్, గ్యాస్ బండ, బడిలో మధ్యాహ్న భోజనం, పాపను చూసే కేంద్రం... ఇవన్నీ ఆ 289 నిమిషాల్లోంచి ఎన్నో కొన్ని నిమిషాలు తగ్గించేవే. సర్కారు ఖర్చును రూపాయల్లోనే కాదు, ఆమెకు మిగిలిన నిమిషాల్లోనూ కొలవొచ్చని ఈ పరిశోధన నేర్పింది.

జీరో టికెట్ ఏం చెబుతుంది?

మళ్లీ ఉప్పల్ రింగురోడ్డు దగ్గరికే వద్దాం.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, నగరంలోనైతే ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఇది ఎన్నికల హామీ. అందులో దాపరికం ఏమీ లేదు. దిల్లీ 2019లో, తమిళనాడు 2021లో, కర్ణాటక 2023 జూన్‌లో ఇలాంటి పథకాలు తెచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ‘స్త్రీశక్తి’ పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైంది. ఓట్ల లెక్క ఎలా ఉన్నా, ‘ఎందుకు ఆడవాళ్లకే’ అన్న ప్రశ్నకు జవాబు మాత్రం పరిశోధకుల దగ్గరుంది.

మగవాళ్ల ప్రయాణం చాలావరకు గీత గీసినట్టుంటుంది. ఇల్లు, ఆఫీసు, ఇల్లు. ఆడవాళ్లది గొలుసు. ఇల్లు, బడి, పని, కూరగాయల బజారు, ఆస్పత్రి, ఇల్లు. చిన్న చిన్న దూరాలు, ఎక్కువసార్లు ఎక్కి దిగడం. ఎక్కిన ప్రతిసారీ కనీస చార్జీ కట్టాల్సిందే. అంటే దూరం తక్కువైనా ఖర్చు ఎక్కువ. ఇంట్లో ఒక్క బండి ఉంటే దాని తాళం సాధారణంగా మగవాడి జేబులోనే ఉంటుంది. బస్సు చార్జీకి భయపడి దగ్గర్లో దొరికే తక్కువ జీతం పనితోనే సరిపెట్టుకోవడం, లేదా నడవడం... ఇవి ప్రపంచమంతటా అధ్యయనాల్లో కనిపించిన సంగతులు. తమిళనాడు ప్రణాళికా సంఘం అధ్యయనం చేస్తే అక్కడ ఒక్కో మహిళకు నెలకు సగటున 888 రూపాయలు మిగులుతున్నాయని తేలింది. ప్యాకింగ్ పనిచేసే ఆమెకు ఆ డబ్బు చిన్నదేం కాదు. పిల్లల ట్యూషన్ ఫీజో, నెలకు సరిపడా పాలో దాంట్లోంచి వస్తాయి.

తెలంగాణలో 2025 జులై నాటికి మహిళల ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటాయి. ఇక్కడ ఇంకో విశేషం ఉంది. ఉచితమైనా టికెట్ కొట్టాల్సిందే కాబట్టి ఎక్కడెక్కారో ఎక్కడ దిగారో నమోదవుతుంది. ఆడవాళ్ల రాకపోకల గురించి ఇంత పెద్ద లెక్క ఇదివరకెప్పుడూ లేదు. పరిశోధకులకు ఇదో గని. ఏ షిఫ్టుకు ఏ దారిలో బస్సులు చాలడం లేదో అందులోంచే తెలుసుకోవచ్చు.

అయితే ఆ టికెట్ చెప్పనివీ ఉన్నాయి. మెట్రో రైలుకి పథకం వర్తించదు. 2017 నవంబరులో నాగోలు నుంచి మియాపూర్ దాకా మెట్రో మొదలైనప్పుడు ఉప్పల్‌కి స్టేషన్ వచ్చింది. నాచారానికి లేదు. దగ్గర్లోది హబ్సిగూడ. 2023 జూన్‌లో ఉప్పల్ కూడలిలో కాలినడక వంతెన ప్రారంభమై రోడ్డు దాటే భయాన్ని తగ్గించింది. మరోవైపు వరంగల్ దారిలో 2018లో మొదలుపెట్టిన పైవంతెన పనులు ఏళ్ల తరబడి సాగి, కింద గుంతలు, దుమ్ము మిగిల్చాయి. బస్సుల్లో రద్దీ పెరిగింది. గిరాకీ పోయిందంటూ ఆటోవాళ్లు రోడ్డెక్కారు. ఆటో నడిపే ఇంట్లో ఆమెకు మిగిలింది, ఆయనకు తగ్గింది. ఒక పథకం మంచిదా కాదా అని తేల్చాలంటే ఆ ఇంటి రెండు వైపుల లెక్కా చూడాలి.

నాచారం ఆస్పత్రి నేర్పే పాఠం

నాచారంలో ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. చుట్టుపక్కల పారిశ్రామికవాడల కార్మికులకు బాగా తెలిసిన చోటు. ఆడ కార్మికుల విషయంలో ఈఎస్‌ఐలో ఓ కిటుకుంది. దాని గురించి ఎక్కువమంది మాట్లాడుకోరు.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించారు. జీతంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. మంచి మాటే. కానీ ఆ జీతం ఎవరివ్వాలి? యజమానే. ‘పెళ్లయిందా? పిల్లలున్నారా?’ అని ఇంటర్వ్యూలో అడగడానికి ఇదో కొత్త సాకవుతుందని పరిశోధకులు అప్పుడే హెచ్చరించారు. ఆడవాళ్లను తీసుకుంటే ఖర్చు, మగవాళ్లయితే ఖర్చు లేదు అన్న లెక్క పుట్టింది. చివరికి, యజమానులకు ఏడు వారాల జీతం తిరిగిచ్చే ఆలోచన ఉందంటూ 2018 నవంబరులో కేంద్ర కార్మిక శాఖే ప్రకటించాల్సి వచ్చింది.

ఈఎస్‌ఐలో ఆ చిక్కు లేదు. 2017 జనవరి నుంచి అక్కడా 26 వారాలే. కానీ డబ్బు యజమాని జేబులోంచి కాక ఉమ్మడి నిధిలోంచి వస్తుంది. 2019 జులై నుంచి ఈఎస్‌ఐ చందా యజమాని వాటా 3.25 శాతం, కార్మికుల వాటా 0.75 శాతం. మగవాడికైనా ఆడమనిషికైనా ఒకే చందా. అంటే ఆమెను పనిలో పెట్టుకున్నందుకు ఒక్క రూపాయి అదనపు భారం లేదు. ‘మాతృత్వం ఒక ఉద్యోగిని సొంత విషయం కాదు, అందరూ కలిసి మోయాల్సిన బాధ్యత’ అని స్త్రీవాద సమాజశాస్త్రం చెప్పే మాట ఇక్కడ చందా లెక్కలో రాసి ఉంది!

మరి అందరికీ అందుతోందా? పదిమందైనా పనిచేయని షెడ్డుకు ఈఎస్‌ఐ తప్పనిసరి కాదు. నెల జీతం 21 వేలు దాటినవాళ్లకు వర్తించదు. ప్రసూతి ప్రయోజనం రావాలంటే అంతకు ముందు రెండు చందా కాలాల్లో 70 రోజుల చందా జమకావాలి. కాంట్రాక్టర్ పేరు నమోదు చేయకపోతే, నాలుగు నెలలకోసారి షెడ్డు మారాల్సి వస్తే... ఆస్పత్రి పక్కనే ఉన్నా ఆమెకు దూరమే.

ముప్ఫై... యాభై

పిల్లల సంరక్షణ గది కథ ఇంకా ఆసక్తికరం. ముప్ఫైమందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్లలోపు పిల్లలకు క్రెష్ ఉండాలని ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. మొదట్లో ఆ సంఖ్య యాభై. 1976లో ముప్ఫైకి తగ్గించారు. ఉద్దేశం మంచిదే గానీ, ‘ముప్ఫై దాటకుండా చూసుకుంటే సరి’ అన్న దారి కూడా చట్టమే చూపించినట్టయింది. పిల్లలు తల్లివాళ్ల బాధ్యతే అని చట్టం కూడా అనుకోవడమే అసలు తప్పని పరిశోధకులు ఎత్తిచూపారు. తండ్రులకు పిల్లలుండరా?

2017 సవరణలో ఆ వాదన గెలిచింది. ఆడా మగా కలిపి యాభైమంది ఉద్యోగులుంటే చాలు, క్రెష్ ఉండాల్సిందే. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సమాన వేతనం, ప్రసూతి, ఈఎస్‌ఐ, ఫ్యాక్టరీల పాత చట్టాలన్నీ వాటిలో కలిసిపోయాయి. యాభై లెక్క వాటిలోనూ కొనసాగింది. రాత్రి షిఫ్టులో పనిచేయడానికి మహిళలకు, వాళ్ల సమ్మతితో, భద్రత ఏర్పాట్లతో, అన్ని రంగాల్లోనూ వీలు కల్పించారు. ఉప్పల్ ఐటీ భవనాల్లో రాత్రి ఉద్యోగం చేసే అమ్మాయిని కంపెనీ క్యాబ్ గుమ్మం దాకా దింపుతుంది. నాచారం షెడ్డులో రెండో షిఫ్టు ముగించుకున్న ఆమెకు అదే కోడ్ అదే భద్రత ఇవ్వాలి. ఇస్తుందా లేదా అన్నది ఇకముందు చూడాల్సిన సంగతి.

యాభైమంది కూడా లేని చిన్న షెడ్డు సంగతేమిటి? పారిశ్రామికవాడల్లో అలాంటివెన్నో. అక్కడ తల్లికి మిగిలింది అత్తో, అమ్మో, పక్కింటావిడో. అంగన్‌వాడీతోపాటే క్రెష్ నడపాలన్న ‘పాల్నా’ పథకం 2022 నుంచి ఉంది. పది షెడ్లకు కలిపి వీధిచివర ఒక్కటి నడిపితే ఆ ఖాళీ పూడుతుంది.

ఇంకా అడగని ప్రశ్నలు

యాభై ఏళ్ల ఈ ప్రయాణంలో ఒక్క సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. పరిశోధకులు ఎంతవరకు అడిగారో విధానం అంతవరకే వచ్చింది. ‘ఇంట్లో చేసేది పనేనా’ అని అడిగాక జనాభా లెక్క మారింది. ‘సెలవు జీతం ఎవరివ్వాలి’ అని అడిగిన చోట ఉమ్మడి నిధి అర్థం తెలిసింది. ‘క్రెష్ తల్లికేనా’ అని అడిగాక ముప్ఫైమంది ఆడవాళ్లు కాస్తా యాభైమంది ఉద్యోగులయ్యారు. అడగని చోట అంతా చీకటే.

బస్టాప్ నుంచి షెడ్డు గేటు దాకా ఉన్న దారి సంగతి అలాంటిదే. వీధి దీపం వెలుగుతోందా? కాలిబాట ఉందా? షెడ్డులో తలుపు పడే మరుగుదొడ్డి ఉందా? వీటిని కొలవడానికి పెద్ద నిధులక్కర్లేదు. ఓ నోటు పుస్తకం, ఓ పెన్ను, నాలుగు రోజుల తీరిక చాలు. కార్మిక సంఘం చేయొచ్చు, కాలేజీ పిల్లలు చేయొచ్చు, కార్పొరేటర్ ఆఫీసూ చేయొచ్చు.

మరొకటుంది. మగవాళ్ల 88 నిమిషాలు! ప్రభుత్వాలు బస్సు ఇచ్చాయి, సెలవు ఇచ్చాయి, గ్యాస్ ఇచ్చాయి. గిన్నెలు తోమే చేతులను మాత్రం ఏ పథకమూ మార్చలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవు ఉంది. నాచారం షెడ్డులో మెషీన్ నడిపే తండ్రికి చట్టప్రకారం అదీ లేదు.

సాయంత్రం ఏడు గంటలు. ఉప్పల్ రింగురోడ్డు. పొద్దున వెళ్లిన ఆమె తిరిగి వస్తోంది. టిఫిన్ డబ్బా ఖాళీ అయింది, కూరగాయల సంచి నిండింది. చేతిలో మరో జీరో టికెట్. ఇంటికి చేరాక ఆమె రెండో షిఫ్టు మొదలవుతుంది. రేపెవరైనా సర్వే కాగితం పట్టుకుని ఆ ఇంటి తలుపు తట్టొచ్చు. ‘మీరేం పని చేస్తారమ్మా’ అని ఆమెను అడగడం ఎలాగూ తప్పదు. పక్కనే టీవీ చూస్తున్న ఆయన్నీ ఒక మాట అడిగితే బాగుంటుంది... ‘ఇంట్లో మీరేం పని చేస్తారండీ?’ అని.

మైలురాళ్లు

• 1959: ఆడపిల్లల చదువుపై దుర్గాబాయి దేశ్‌ముఖ్ కమిటీ నివేదిక
• 1974: ‘టువర్డ్స్ ఈక్వాలిటీ’ నివేదిక
• 1976: సమాన వేతన చట్టం
• 1982: నరసాపురం లేసు కార్మికులపై మరియా మీస్ పుస్తకం
• 1985: హైదరాబాద్‌లో ‘అన్వేషి’ ఏర్పాటు
• 1988: ‘శ్రమశక్తి’ నివేదిక
• 1991: జనాభా లెక్కల్లో జీతం లేని కుటుంబ పనికీ చోటు
• 2017: ప్రసూతి సెలవు 26 వారాలకు పెంపు
• 2019: దేశవ్యాప్తంగా తొలి కాల వినియోగ సర్వే
• 2023: తెలంగాణ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం
• 2025: నాలుగు లేబర్ కోడ్‌ల అమలు